కడుపులో గడ్డ ఉందన్నారా? లాప్రోస్కోపీపై పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. స్కానింగులో కడుపులో గడ్డ కనబడింది, క్యాన్సర్ కాదన్నారు, లాప్రోస్కోపీ (పొట్టకి చిన్న రంధ్రాలు వేసి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) చేస్తామన్నారు, ఏం చేయమంటారు అని. రంధ్రాలు ఎన్ని వేస్తారు, మచ్చ ఎంత పడుతుంది అన్న ఆరాటం వాటిలో చాలా కనిపించింది. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. గడ్డ ఏమిటి, దాన్ని అసలు తీయాలా, తీస్తే లోపల చెదరకుండా బయటికి ఎలా తెస్తారు అన్న మూడూ ముందు తేలాలి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, డీపీఎల్ (ఇక పిల్లలు కలగకుండా చేసే ఆపరేషన్) అయింది. పొత్తికడుపు నొప్పికి స్కాన్ తీస్తే ఎడమ అండాశయంలో 4.5 సెంటీమీటర్ల నీటిబుడగ ఉందన్నారు. పలుచని గోడ, లోపల మామూలు నీరు అని రాశారు. వారంలోగా ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. తొందరపడాలా?
– పాఠకురాలు, రాజాం

జవాబు: తొందర అక్కర్లేదు. నెలసరి వచ్చే వయసులో పలుచని గోడతో, ఒకే గదిగా, లోపల స్వచ్ఛమైన నీటితో ఉండే బుడగ చాలామటుకు అండం విడుదలయ్యే క్రమంలో ఏర్పడేదే. రెండు మూడు నెలసర్లలో దానంతటదే ఇంకిపోతుంది. ఎనిమిది వారాలు ఆగి, నెలసరి మొదలైన 5వ రోజు నుంచి 7వ రోజు లోపల మళ్లీ స్కాన్ చేయించుకోండి. ఆ రోజులే ఎందుకంటే, నెల మధ్యలో తీస్తే ఆ నెల కొత్తగా పెరిగే అండపు సంచి కూడా కనబడి, పాత బుడగే తగ్గలేదని పొరబడే వీలుంది. మామూలు నీటిబుడగ 5 నుంచి 7 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఏడాదికోసారి స్కాన్‌తో కనిపెట్టుకుని ఉండొచ్చు. 7 దాటితే ఎంఆర్ఐ గురించో ఆపరేషన్ గురించో ఆలోచించాలి.

రిపోర్టులో వేరే మాటలు ఉంటే లెక్క మారుతుంది. గోడ లోపలివైపు మొటిమల్లాంటి కండ, మందపాటి అడ్డుగోడలు, ఆ కండలో రక్తప్రసరణ, కడుపులో నీరు చేరడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్యాన్సర్ శస్త్రచికిత్సలో అనుభవం ఉన్నవారికి చూపించాలి. అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 అనే రక్తపరీక్ష 35 దాటిందని గుండె జారిపోయి రాసిన వాళ్లు ఇద్దరున్నారు. నెలసరి రోజుల్లోనూ, గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ, గర్భసంచి కండలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డల్లోనూ అది పెరుగుతుంది. కడుపులో టీబీ ఉంటే వందల్లోకి పోవచ్చు. ఆ ఒక్క అంకెను పట్టుకుని ఎవరూ ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. ఒకపక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దాంతో వాంతులు వస్తే అండాశయం మెలి పడిందేమో అనుకోవాలి. తెల్లారనిద్దాం అనుకోకుండా ఆ రాత్రే ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. వేళకి మెలి విప్పితే నల్లబడిన అండాశయం కూడా చాలాసార్లు తేరుకుంటుంది.

డీపీఎల్ కూడా లాప్రోస్కోపీయే కనుక మీకు దీంతో పరిచయం ఉన్నట్టే. సిజేరియన్ గానీ, పెద్ద కోత ఆపరేషన్ గానీ అయినవాళ్లు మాత్రం ముందే చెప్పాలి. పాత కోత కింద పేగు అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు మొదటి రంధ్రం బొడ్డు దగ్గర కాకుండా ఎడమ పక్కటెముకల కింద వేస్తారు.

ప్రశ్న: మా పిల్లకి 19 ఏళ్లు, పెళ్లి కాలేదు. కుడి అండాశయంలో 8 సెంటీమీటర్ల డెర్మాయిడ్ ఉందన్నారు. రంధ్రాలతో అంత పెద్దది ఎలా వస్తుంది? అండాశయం పోతుందా? రేపు పెళ్లికి, పిల్లలకి ఇబ్బంది అవుతుందా?
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: డెర్మాయిడ్ అంటే వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్ల ముక్కలు కూడా ఉండే సంచి. మందులకి కరగదు, దానంతటది పోదు, ఈ సైజులో మెలి పడే భయం ఎక్కువ. కనుక తీయాల్సిందే. అండాశయాన్ని ఉంచి సంచిని మాత్రం ఒలిచేయవచ్చు, ఈ వయసులో చేయాల్సింది అదే. స్కాన్‌లో గట్టి కండ కనబడితే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే మూడు రక్తపరీక్షలు ముందే చేయించండి. చిన్నవయసులో వచ్చే అండాశయపు క్యాన్సర్లను పట్టిచ్చేవి అవే.

పూర్తి మత్తు ఇచ్చి, గొంతులోకి గొట్టం వేసి, మూత్రం తీసేందుకు కాథెటర్ పెడతారు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్‌ను 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనం వరకు నింపుతారు. అది మండదు, రక్తంలో కరిగి ఊపిరితో బయటికి పోతుంది, అందుకే ఆ వాయువు. బొడ్డు దగ్గర 10 మిల్లీమీటర్ల రంధ్రం కెమెరాకి, కింద 5 మిల్లీమీటర్లవి రెండో మూడో పనిముట్లకి. తలవైపు బల్లను దించితే పేగులు పైకి జారి దారి ఇస్తాయి.

అసలు నేర్పు ఒలవడంలో ఉంది. తాటిముంజె మీది పొరను లోపలి నీరు చిందకుండా ఎలా తీస్తామో, అండాశయపు పైపొరను అలా పైపైన కోసి, సంచి గోడ తెగకుండా చుట్టూ విడదీస్తూ రావాలి. విడిపోయిన సంచిని 10 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి లోపలికి పంపిన ప్లాస్టిక్ సంచిలో వేస్తారు. ఆ ప్లాస్టిక్ సంచి మూతిని బొడ్డు రంధ్రంలోంచి బయటికి లాగి పట్టుకుని, అప్పుడు అందులోనే గడ్డను పొడిచి కొవ్వు పీల్చేసి, వెంట్రుకలను పటకారుతో లాగుతారు. గడ్డ చప్పబడ్డాక సంచి మొత్తం జారి వచ్చేస్తుంది. 8 సెంటీమీటర్లది చిన్న రంధ్రంలోంచి రావడంలో కిటుకు ఇదే.

ఒలిచేటప్పుడు పగిలి కొవ్వు కడుపులో పడితే? అది జరుగుతుంది, మంచి చేతుల్లోనూ జరుగుతుంది. ఆ కొవ్వు ఒంటి వేడికి నూనెలా ఉంటుంది, చల్లబడితే పేరిన నెయ్యిలా గట్టిపడుతుంది. అందుకని గోరువెచ్చని సెలైన్‌తోనే కడగాలి. చల్లటిదైతే కొవ్వు పేగుల మధ్య అతుక్కుపోతుంది. నీరు తేటగా వచ్చేదాకా లీటర్ల కొద్దీ కడిగి, తలవైపు మళ్లీ ఎత్తి, కాలేయం కిందికి జారిన నీటిని కూడా పీల్చేయాలి. అలా చేస్తే లోపల వాపు రావడం అరుదు. వదిలేస్తే పేగులు అతుక్కుని మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది.

డాక్టరుగారిని రెండు విషయాలు అడగండి. గడ్డ తీసిన చోట రక్తం కారితే విద్యుత్తుతో ఎక్కువగా కాల్చకుండా వీలైనంతవరకు కుట్టు వేస్తారా? ఎక్కువ కాలిస్తే అండాలు నశిస్తాయి. రెండో అండాశయం కూడా చూస్తారా? డెర్మాయిడ్ వచ్చినవారిలో నూటికి పది పదిహేను మందికి రెండువైపులా ఉంటుంది.

పెళ్లి గురించి భయపడకండి. నెలసరి, గర్భం మామూలుగానే ఉంటాయి. పెళ్లికాని పిల్లకి ఈ ఆపరేషన్‌లో యోని ద్వారా ఏ పరికరమూ వాడక్కర్లేదు. ఆ మాట ముందే చెప్పి అంగీకార పత్రంలో రాయించుకోవచ్చు.

ప్రశ్న: మా అప్పకి 41 ఏళ్లు. గర్భసంచిలో మూడు ఫైబ్రాయిడ్లు, పెద్దది 9 సెంటీమీటర్లు. నెలసరిలో ముద్దలు ముద్దలుగా రక్తం పోతోంది. హిమోగ్లోబిన్ 7.2. పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా, గర్భసంచి లేజర్‌తో తీసేస్తే గొడవ వదిలిపోతుందంటున్నారు. ఏం చేయాలి?
– పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ముందు రక్తం. 7.2తో, ప్రాణం మీదికి రాని ఆపరేషన్‌కి వెళ్లకూడదు. రక్తం పోతూనే ఉంటే ఐరన్ మాత్రలు సరిపోవు. ఐరన్ సుక్రోజ్ 200 మిల్లీగ్రాముల చొప్పున రోజు విడిచి రోజు ఎక్కించడమో, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒకేసారి 1000 మిల్లీగ్రాములు ఇవ్వడమో చేస్తే కొన్ని వారాల్లో 10కి చేర్చవచ్చు. రక్తం పోయే రోజుల్లో ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు ఆసరా అవుతాయి. లూప్రోలైడ్ 3.75 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ నెలకోసారి మూడు నెలలు ఇస్తే నెలసరి ఆగుతుంది, గడ్డలు చిన్నవవుతాయి. దానికో ఇబ్బంది ఉంది: గడ్డకీ కండకీ మధ్య పొర చెరిగిపోయి, గడ్డను ఒలవడం కష్టమవుతుంది. అందుకని రక్తహీనత ఉన్నవారికి, గడ్డ మరీ పెద్దదైనవారికి మాత్రమే ఇవ్వడం మంచిది.

తర్వాత, గడ్డలు ఎక్కడున్నాయి అన్నది. గర్భసంచి లోపలి కుహరంలోకి పొడుచుకు వచ్చిన చిన్న గడ్డే ఇంత రక్తానికి కారణమైతే, దాన్ని హిస్టరోస్కోపీతో కింది నుంచే తీయవచ్చు, పొట్ట మీద ఒక్క రంధ్రం కూడా పడదు. గోడలో ఇరుక్కున్నవైతే లాప్రోస్కోపీ. ముందు గర్భసంచి కండలోకి వాసోప్రెసిన్ మందు 20 యూనిట్లను 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి కొద్దికొద్దిగా ఇస్తారు. చూస్తుండగానే ఎర్రటి కండ పాలిపోయి తెల్లబడుతుంది, అప్పుడు కోస్తే రక్తం తక్కువ పోతుంది. ఇచ్చే ముందు మత్తు డాక్టరుకి చెప్పాలి, సూది రక్తనాళంలో లేదని వెనక్కి లాగి చూసుకోవాలి. పొరపాటున నాళంలోకి పోతే బీపీ ఎగబాకి గుండె నెమ్మదిస్తుంది. గడ్డ తీసిన గోతిని పొరలుపొరలుగా కుట్టాలి. పది పదిహేను గడ్డలున్నప్పుడు మాత్రం పెద్ద కోతే మేలని మా అభిప్రాయం. లోతున ఉన్న చిన్న గడ్డ వేలికి తగులుతుంది, పొడవాటి పనిముట్టుకి తగలదు.

గర్భసంచి తీయించుకోవడం తప్పేమీ కాదు, మీ అప్ప కోరుకుంటే సరైన దారే. అయితే 'పిల్లలు పెద్దవాళ్లయ్యారు' అన్నది ఒక్కటే కారణం కాకూడదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురుంటే, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది ఉన్నారు. ఇంతమందికి నిజంగా అవసరమయ్యిందా అన్న బాధతోనే ఈ మాట రాస్తున్నాం. 'ఎలాగూ తీస్తున్నాం కదా' అని బాగున్న అండాశయాలు కూడా తీసేయనివ్వకండి. 41 ఏళ్లకే అవి పోతే ఎముకలూ గుండే నష్టపోతాయి. ఆపరేషన్‌కి ముందు పాప్ స్మియర్, గర్భసంచి లోపలి పొర బయాప్సీ చేయించండి.

ఇందులో లేజర్ ఏమీ లేదు. వాడేది విద్యుత్తు లేదా అల్ట్రాసోనిక్ పనిముట్టు. వాటి వేడి గర్భసంచి పక్కనే పోయే మూత్రనాళానికి తగిలితే ఆ రోజు తెలియదు, వారం పది రోజులకి యోనిలోంచి మూత్రం కారుతుంది. అలా జరిగితే దాచుకోకుండా వెంటనే వెళ్లాలి.

తప్పక అడగాల్సింది ఒకటుంది: గడ్డను బయటికి ఎలా తెస్తారు? మార్సిలేటర్ అనే తిరిగే కత్తితో ముక్కలు చేసి తీసే పద్ధతిపై అమెరికా ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరిక చేసింది. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకున్న 350 మందిలో ఒకరికి అది సార్కోమా అనే క్యాన్సర్ కావచ్చని, ముక్కలు చిందితే అది కడుపంతా పాకుతుందని లెక్కగట్టింది. ఆ కత్తి వాడాల్సి వస్తే సంచిలోనే వాడాలని 2020లో చెప్పింది. మామూలు ఫైబ్రాయిడ్ ముక్క మిగిలినా పేగుల మీద అతుక్కుని పెరగగలదు. గర్భసంచి మొత్తం తీసేటప్పుడైతే యోని దారినే బయటికి తేవచ్చు. నెలసరి ఆగిపోయాక పెరుగుతున్న గడ్డనైతే ముక్కలు చేయనే కూడదు.

ప్రశ్న: మా ఆయనకి 52 ఏళ్లు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1, బీపీ ఉంది. రాళ్ల కోసం తీసిన మామూలు సీటీలో కిడ్నీ పైన ఉండే కుడి అడ్రినల్ గ్రంథిలో 2.5 సెంటీమీటర్ల కంతి ఉందన్నారు. రంధ్రాలతో తీసేస్తామంటున్నారు. కిడ్నీ తట్టుకుంటుందా?
– పాఠకురాలు, కవిటి

జవాబు: తీసే ముందు సీటీ రిపోర్టులో కంతి సాంద్రత చెప్పే 'హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు' ఎంతో చూడండి. రాసి ఉండకపోతే రేడియాలజిస్టుని కొలిచి రాయమనండి. డై ఇవ్వకుండా తీసిన సీటీలోనే ఆ అంకె దొరుకుతుంది. అది 10 లేదా అంతకన్నా తక్కువై, కంతి ఒకేలా ఉండి, 4 సెంటీమీటర్ల లోపుంటే అది కొవ్వు నిండిన హానిలేని కంతి. హార్మోన్లు మామూలుగా ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. మీ ఆయన కిడ్నీకి కీడు చేసే డై కూడా తప్పిపోతుంది.

హార్మోన్లకి, రాత్రి 11 గంటలకి డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము వేసుకుని, పొద్దున్న 8కి కార్టిసాల్ పరీక్ష. డెసిలీటరుకి 1.8 మైక్రోగ్రాములు దాటకపోతే మంచిదే. బీపీ ఉంది కనుక ఆల్డోస్టిరాన్, రెనిన్ కూడా చూడాలి. యూనిట్లు 10 దాటితే మెటానెఫ్రిన్ల (బీపీ పెంచే అడ్రినల్ హార్మోన్ల ఆనవాళ్లు) పరీక్ష కాకుండా కంతికి సూది కూడా గుచ్చనివ్వకండి. ఫియోక్రోమోసైటోమా అనే కంతిని కదిపితే బీపీ ఒక్కసారి ప్రాణాంతకంగా లేస్తుంది. అది ఉన్నవారికి ముందే రెండు వారాలు ఆల్ఫా బ్లాకర్ మందు ఇవ్వాలి. కిడ్నీ జబ్బులో మెటానెఫ్రిన్లు కాస్త ఎక్కువ చూపడం ఉంది, కొద్దిగా పెరిగితే బెంబేలు పడొద్దు.

నిజంగా తీయాల్సి వస్తే అడ్రినల్‌కి లాప్రోస్కోపీయే మేలు. ఇంత చిన్న గ్రంథి కోసం ఎంతో పెద్ద కోత తప్పుతుంది. వాయు పీడనం కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తుంది కాబట్టి 10–12 మధ్య ఉంచమని అడగండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అమికాసిన్ వద్దు. నొప్పికి పారాసిటమాల్. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల ఉద్దానం మనుషులకి కిడ్నీ జబ్బు లేదనుకున్నా ఏ ఆపరేషన్‌కి ముందైనా క్రియాటినిన్ చూడాల్సిందే. తొలిదశలో అది పైకి తెలియదు.

ప్రశ్న: మాది సవర గూడెం. మా చెల్లికి అండాశయంలో గడ్డ. సికిల్ సెల్ (ఎర్రకణాలు వంకరపోయే రక్తజబ్బు) పరీక్షలో 'పాజిటివ్' అని వచ్చింది. లాప్రోస్కోపీ చేయకూడదా?
– మెళియాపుట్టి మండలం

జవాబు: చేయవచ్చు. ముందు ఆ 'పాజిటివ్' ఏమిటో తేలాలి. గొట్టంలో చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఏఎస్‌కీ (జబ్బును మోసేవారు మాత్రమే) ఎస్ఎస్‌కీ (జబ్బు ఉన్నవారు) తేడా చెప్పదు. హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయించండి. ఏఎస్ అయితే మామూలు జాగ్రత్తలు చాలు. ఎస్ఎస్ అయితే చలి, దాహం, ఆక్సిజన్ తగ్గడం, కార్బన్ డయాక్సైడ్ వల్ల రక్తం ఆమ్లమవడం, అన్నీ ఎర్రకణాలను కొడవలిలా వంచేవే. ఉపవాసం మొదలైనప్పటి నుంచే సెలైన్ పెట్టాలి, ఒళ్లు వెచ్చగా ఉంచాలి, వాయు పీడనం తక్కువ ఉండాలి. రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్‌ను 10 దగ్గరికి తేవాలా అన్నది రక్త వ్యాధుల నిపుణులతో మాట్లాడి తేల్చాలి. ఈ రిపోర్టు మత్తు డాక్టరు చేతిలోనే పెట్టండి.

ప్రశ్న: మూడు రోజుల కిందట లాప్రోస్కోపీతో గర్భసంచి గడ్డ తీశారు. పొట్టకన్నా కుడి భుజం నొప్పి ఎక్కువుంది. పప్పు తింటే చీము పడుతుందని అత్తగారు చారన్నమే పెడుతున్నారు. నేను జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తాను. మళ్లీ ఎప్పుడు కూర్చోవచ్చు?
– పాఠకురాలు, పలాస

జవాబు: భుజానికి ఏమీ కాలేదు. పొట్టలో మిగిలిన వాయువు ఊపిరితిత్తుల కింది పొరను రాపిడి చేస్తే, ఆ నరం భుజం వైపు నొప్పి చూపిస్తుంది. లేచి నడుస్తుంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. దాంతోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలి పిక్క వాపు ఉంటే అది వేరే సంగతి, వెంటనే వెళ్లండి.

పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము పట్టించేది క్రిములు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, కాబట్టి పప్పు, గుడ్డు, చేప, పెరుగు తినండి. మీ అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి. రెండు రోజులు దాటాయి కనుక స్నానం చేసి, రంధ్రాల దగ్గర పొడిగా అద్దుకోవచ్చు.

మీ గర్భసంచి లోపల కుట్లున్నాయి. నాలుగు వారాలు నీళ్ల బిందె, పిక్కల బస్తా ఎత్తొద్దు. రెండు వారాల తర్వాత పీట మీద తేలికపాటి పని చేసుకోవచ్చు, అరగంటకోసారి లేచి నడవాలి. నేల మీద గొంతుక్కూర్చుని పిక్కలు కొట్టే పనికి నెలన్నర ఆగండి. దగ్గితే బొడ్డు రంధ్రం దగ్గర ఉబ్బు కనబడితే అక్కడ లోపలి కుట్టు వదిలినట్టు, చూపించుకోండి. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆరు నెలలు ఆగి, గర్భం వచ్చిన తొలినాళ్లలోనే ఈ ఆపరేషన్ సంగతి డాక్టరుకి చెప్పండి. గోడలో లోతుగా కుట్టినవారికి పురిటి నొప్పుల్లో గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది.

లాప్రోస్కోపీ తర్వాత నిన్నటికన్నా ఇవాళ బాగుండాలి. మూడో రోజో అయిదో రోజో నొప్పి పెరిగి, పొట్ట ఉబ్బి, జ్వరమో వాంతులో వస్తే పేగుకి దెబ్బ తగిలిందేమో చూడాలి. 'గ్యాస్' అని ఇంట్లో మాత్ర వేసుకుని కూర్చోవద్దు.

మరొకటి ఆలస్యంగా వస్తుంది. అంతా మానిందనుకున్న నెలకి రంధ్రం దగ్గర గట్టి బుడిపె లేచి, నీళ్లలాంటి చీము కారుతుంది. మామూలు యాంటీబయాటిక్‌కి తగ్గదు. ఇది టీబీ క్రిమికి దాయాదులైన మైకోబాక్టీరియా పని. పనిముట్లను గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రవంలో ఇరవై నిమిషాలు ముంచి తీస్తే ఈ క్రిములు అన్నీ చావవు. పూర్తి శుద్ధికి గంటల కొద్దీ నానబెట్టాలి, పైగా కొళాయి నీటితో కడిగితే మళ్లీ అంటుకుంటాయి. ఆటోక్లేవ్ (పీడనంతో కూడిన ఆవిరిలో శుద్ధి) చేసిన పనిముట్లే వాడతారా అని ముందే అడిగే హక్కు రోగికి ఉంది. ఇలాంటి చీము వస్తే కల్చర్‌కి పంపి, క్లారిత్రోమైసిన్ వంటి మందులు నెలల తరబడి వాడాల్సి ఉంటుంది.

ప్రశ్న: కాలేయంలో 3 సెంటీమీటర్ల హీమాంజియోమా. తీయించాలా?
– విజయనగరం

జవాబు: వద్దు. అది రక్తనాళాల ముద్ద. నొప్పి లేకుండా, అలాగే ఉన్నంతకాలం దానితో బతికేయవచ్చు. బయాప్సీ సూది మాత్రం గుచ్చనివ్వకండి, రక్తం ఆగకపోవచ్చు.

ప్రశ్న: ఆపరేషన్ అయ్యాక గడ్డను డబ్బాలో పెట్టి మా చేతికిచ్చి ల్యాబుకి ఇమ్మన్నారు. క్యాన్సర్ కాదన్నప్పుడు ఆ ఖర్చెందుకు?
– ఆమదాలవలస

జవాబు: కాదని చెప్పేది ఆ పరీక్షే. స్కాన్ చెప్పింది అంచనా మాత్రమే. డబ్బాలో ఉన్నది నీళ్లో సెలైనో కాకుండా 10 శాతం ఫార్మలిన్ అయి ఉండాలి. గడ్డకి పదింతల ద్రవం పట్టే డబ్బా కావాలి, లేకపోతే లోపలి భాగం కుళ్లి పరీక్షకి పనికిరాదు. పేరు, వయసు, ఏ పక్కది, ఏ తేదీ అన్నవి మూత మీద కాదు, డబ్బా మీద రాయించండి, మూతలు మారిపోతాయి. అదే రోజు ల్యాబుకి అందించి రసీదు తీసుకోండి. వారం పది రోజుల్లో వచ్చే రిపోర్టును ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించి, డిశ్చార్జి కాగితంతో కలిపి దాచండి.